అమ్మాయి లేకుండా వస్తున్నాను

మునిర్కా, ఢిల్లీ

దయా, నీకు ప్రభువు తోడు. అమ్మాయీ నేనూ క్షేమం. సైరన్లు మోగుతున్నాయి గాని మా మీద ఏమీ పడలేదు.

ఫోను చేస్తే నీ గొంతు వినాలి, అందుకని కార్డు రాస్తున్నాను. పోస్టుమాన్ చదివితే చదవనీ. యుద్ధం ముగిసేదాకా స్తుతిని ఇంటికి తెమ్మని నన్ను పంపావు. అది పనిచేసే ఆసుపత్రిలో నర్సుల సెలవులు రద్దు చేశారు. ఆదివారం ఇక్కడి తెలుగు సంఘంలో ప్రార్థన మనవులు చెప్పమంటే లేచాను. లేస్తే ఐగుప్తు అంతా చుట్టిగాని కూర్చోనని నీకు తెలుసు. ఎర్ర సముద్రం దాటించినట్టు మా పిల్లను ఆ డ్యూటీ దాటించమని గట్టిగా వేడుకున్నాను. పక్కన స్తుతి తల దించుకుంది.

నా తరవాత అక్సా అనే అమ్మాయి లేచింది. ఆమె భర్త సరిహద్దులో జవాను. "మా ఆయన కోసం, ఆయనకి దెబ్బ తగిలితే కట్టు కట్టే నర్సుల కోసం ప్రార్థించండి" అని కూర్చుంది. నేను తప్ప అందరూ ఆమెన్ అన్నారు. బయటికొచ్చాక ఆ పిల్లే, "చాయ్ తీసుకోండి అంకుల్, బాగా ప్రార్థించారు" అంది. తిట్టినా బాగుండేది.

ఆవకాయకి కాయలు కొట్టించావా? టీవీ వార్తలు పెట్టకు.

శుక్రవారం ఒక్కణ్ణే రైలెక్కుతున్నాను. స్టేషనుకి రాకు. మన చర్చిలో స్తుతి కోసం మనవి నువ్వే చెప్పు. ఇంటికి రావాలని కాదు, దాని చేతులు వణక్కూడదని. నేను కూర్చునే ఆమెన్ అంటాను.

నిన్నూ స్తుతినీ దేవుడు కాచుగాక.

సాలొమోను