నా చేతిరాత ప్రసంగాలు

పామర్రు దగ్గర పల్లెలో పుట్టి, ప్రస్తుతం విజయవాడ గుణదలలో ఉంటున్న దోనేపూడి జీవరత్నం అనే నేను, కీర్తిశేషులు పాస్టరు డేనియల్ గారి భార్యను, రిటైరైన తెలుగు టీచరును, డెబ్బై నాలుగో ఏట ఈ వీలునామా నా చేత్తోనే రాస్తున్నాను. మతి స్థిమితంగానే ఉంది. డాక్టరు గారి కాగితం జతచేశాను. అలిసిపోయింది ఒళ్లే. ఎవరి ఒత్తిడీ లేదు. ఇంతకు ముందు రాసినవేవీ ఇక చెల్లవు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధిలోని అడ్వకేటు తబస్సుం గారిది. మా సంఘ పెద్దలనెవరినీ పెట్టలేదు. ఎందుకో మూడో అంశం చదివితే తెలుస్తుంది.

2. నా జీతంతో కట్టిన గుణదల ఇల్లు కొడుకు రత్నాకర్‌కు, కూతురు బ్లెస్సీకి చెరిసగం. ఆడపిల్లకు పెళ్లిలో పెట్టేశాం కదా అని ఎవరూ అనవద్దు. దేవుడికి పక్షపాతం లేదని మా నాన్నగారు రోజూ ప్రార్థనలో చెప్పేవారు. పొలమంతా మాత్రం తమ్ముడు జాన్సన్ పేర రాసి, నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టమన్నారు. పెట్టాను. బ్లెస్సీ చేత అలాంటి సంతకం పెట్టించకూడదు.

3. బీరువాలోని ముప్పై ఒక్క నోటు పుస్తకాలు బ్లెస్సీకి. అవి డేనియల్ గారి ప్రసంగాలని ఊరంతా అనుకుంది. రాసింది నేను, చదివింది ఆయన. ఇరవై ఆరేళ్లు అలాగే నడిచింది. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయిన తర్వాతి ఆదివారం, ఎడమ చేత్తో తన బైబిలు నా వైపు తోశారు. అందుకే చర్చికి వెళ్లి మైకు ముందు నిలబడ్డాను.

ప్రభువు సమాధిలోంచి లేచాడన్న కబురు మొదట తెచ్చింది ఆడవాళ్లేనని, శిష్యులు వాళ్ల మాట నమ్మలేదని చెప్పాను. తొలి సంఘాలు ఇళ్లలో కూడేవని, వాటిలో కొన్ని ఆడవాళ్ల ఇళ్లని చెప్పాను. క్రీస్తులో మగా ఆడా భేదం లేదని రాసిన పౌలే ఫీబే అనే సంఘ పరిచారకురాలిని రోమా వాళ్లకు సిఫారసు చేశాడని మొదలుపెట్టాను. అప్పటికి సంఘ పెద్దగా ఉన్న జాన్సన్ లేచి మైకు ఆపేశాడు.

“అక్కా, సంఘంలో ఆడవాళ్లు మాట్లాడకూడదని రాసుంది. దిగమ్మా, పరువు పోతోంది” అన్నాడు.

నిలబడాల్సింది. దిగిపోయాను. ఇన్నేళ్లలో వాడి మీద కన్నా నా కాళ్ల మీదే నాకు కోపం ఎక్కువ.

బ్లెస్సీ, ఆ పుస్తకాల మీద ఆయన పేరు కొట్టెయ్యకు. పక్కన నా పేరు రాయి.

4. ఆయన పోయాక గుణదల వచ్చి ముందు గదిలో ఆదివారం కూడిక పెట్టాను. మనుషులు వస్తున్నన్నాళ్లు ఆ గది దానికే ఉండాలి. వాక్యం చెప్పేది ఆడైనా మగైనా సరే.

5. కుట్టు మిషను తెరేసమ్మకు. మేరీమాత కొండ కింద కొవ్వొత్తులు అమ్ముతుంది. వాళ్ల కేథలిక్ ఫాదరు గారిని అడగకుండానే మా కూడికకు వచ్చిన మొదటి మనిషి.

6. జాన్సన్‌కు నాన్నగారి చేతికర్ర. మొన్న వేసవిలో వచ్చి గదిలో వెనగ్గా కూర్చున్నాడు. ఆ రోజు బ్లెస్సీ వాక్యం చెప్పింది.

“అక్కా, ఆ ఫీబే సంగతి నువ్వప్పుడు పూర్తి చెయ్యలేదు కదా” అన్నాడు.

“నువ్వు చెయ్యనిస్తేగా” అన్నాను.

తల వంచుకుని కాఫీ తాగి వెళ్లాడు. క్షమించానా లేదా అని నన్ను అడగవద్దు. తేల్చుకునే ఓపిక లేదు.

7. డేనియల్ గారి సమాధి దగ్గర నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. నా భూస్థాపన ప్రార్థన బ్లెస్సీయే చేయాలి. వేదాంతం చదివి, పాస్టరుగా గుర్తించే ఆర్డినేషన్ కోసం తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తోంది. అది వచ్చినా రాకపోయినా సరే. సంఘం వాళ్లు తమ శ్మశానంలో అందుకు ఒప్పుకోకపోతే నన్ను వేరేచోట పాతిపెట్టండి. ఆయన పక్కన పడుకోవాలన్న ఆశ వదులుకున్నాను; అది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

జాన్సన్ వస్తే కుర్చీ వేయండి. వాడి మోకాళ్లు అరిగిపోయాయి. వాడి కోసమని బ్లెస్సీ ప్రార్థన మాత్రం కుదించవద్దు.

గుణదల, 2024 నవంబరు 12.

(సంతకం) దోనేపూడి జీవరత్నం

మా ఎదుట సంతకం చేశారు:
రామతులసి, నర్సు
బాబ్జాన్, రిటైర్డ్ బస్సు డ్రైవరు