ఏ కొత్తపల్లి?

జూన్ 9, సోమవారం
పోచారం ఆఫీసు. కెల్లీ పేజీ ఇవాళే ముగించాలి. ఐర్లండ్ ఇంటిపేర్ల చరిత్ర రాయడమే కదా నా ఉద్యోగం... ఒకప్పుడు పేరుకు ముందు ‘ఓ’ ఉండేది, ఫలానావారి వంశం అని. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో చాలామందికి రాలిపోయింది. తర్వాత కొందరు మళ్ళీ తగిలించుకున్నారు. అసలు సంగతి వేరే — కెల్లీలంతా ఒక్క ఇంటివాళ్ళు కారు. వేర్వేరు చోట్ల, వేర్వేరు మూలపురుషుల నుంచి అదే పేరు పుట్టింది. ఒకరికొకరు ఏమీ కారు.
ఆ వాక్యం రాసి అలాగే కూర్చున్నాను. ఇది నాన్నకు చెప్పాలి.

జూన్ 10, మంగళవారం
చెప్పాను. మా ఇంటిపేరూ కొత్తపల్లే, నేను పెళ్ళి చేసుకుంటానన్న కిరణ్ వాళ్ళ ఇంటిపేరూ కొత్తపల్లే. మాది జనగామ వైపు, వాళ్ళది కృష్ణా జిల్లా. కొత్తపల్లి లేని జిల్లా చూపించమన్నాను. గోత్రం రెండిళ్ళలోనూ ఎవరికీ గుర్తు లేదు. మరి అన్నాచెల్లెళ్ళం ఎట్లా అవుతాం?
నాన్న అన్నం కలుపుతూనే — “కెల్లీ గిల్లీ నాకెందుకు బిడ్డా. ఇర్వై ఏండ్ల సంది కిరణ్ నాయనను తమ్మీ అంటున్న. గా నోటితోని బావా అని ఎట్ల పిల్వాలె?”
నాచారం కంపెనీలో కలిసిన మొదటి రోజే, ఇంటిపేరు ఒకటేనని ఇద్దరూ వరస కలిపేసుకున్నారు. మందు గోలీలు చేసే చోట చుట్టరికం తయారుచేశారు. ఆయన ‘అన్నయ్యా’, ఈయన ‘తమ్మీ’. ఒళ్ళు మండుతోంది.

జూన్ 11
నాన్నతో మాటల్లేవు.

జూన్ 12, గురువారం
గోరుచుట్టు మీద రోకటి పోటు. కిరణ్ వాళ్ళ నానమ్మ పోయింది. నాన్న ఉప్పల్ వెళ్ళాడు, పాడె కూడా మోశాడట. వచ్చి బయటే తలస్నానం చేశాడు. అది ఎవరైనా చేసేదే. నా భయం మైల గురించి. పాలివాళ్ళయితే, అంటే ఒకే వంశం వాళ్ళయితే, కర్మ అయ్యేదాకా మైల పడతారు — దేవుడికి దీపం పెట్టరు, నీసు తినరు. నాన్న మైల పట్టాడంటే, ఒక్క మాట అనకుండానే మమ్మల్ని అన్నాచెల్లెళ్ళను చేసేసినట్టు. ఆ తర్వాత ఏ కెల్లీ కాపాడడు.

జూన్ 13, శుక్రవారం
అమ్మ దేవుడి ముందు అగ్గిపెట్టె పట్టుకొని — “పెట్టాల్నా, వద్దా?”
నాన్న గుండీలు పెట్టుకుంటూ — “షిఫ్టుకు ఆలస్యమైతాంది.”
వెళ్ళిపోయాడు. అమ్మ పుల్ల గీయలేదు. నా వైపు చూడనూ లేదు.
మధ్యాహ్నం కిరణ్ ఫోన్. “నిన్నంతా మీ నాన్నగారు మా నాన్న పక్కనే కూర్చున్నారు. అన్నయ్య ఉన్నాడు చాలని ఏడ్చారు మా నాన్న.”
దీపం సంగతి చెప్పలేకపోయాను. ఆ అన్నదమ్ములకు అడ్డం పడుతున్నది నేనే... సిగ్గేసింది. అయినా కిరణ్ కావాలి నాకు.

జూన్ 15, ఆదివారం
మా ఇంట్లో ఆదివారం చికెన్ తప్పితే ఒట్టు. నాన్న సంచి తీశాడు. ఏం తెస్తావని అమ్మ అడగలేదు. అల్లం ముందు పెట్టుకొని కూర్చుంది, దంచడం లేదు.
ఫోన్ మోగింది. అటు కిరణ్ వాళ్ళ నాన్న. ఎప్పుడూ “ఆఁ, తమ్మీ” అనే మనిషి... నోరు తెరిచాడు, మూశాడు.
“చెప్పు.”
తమ్మీ అనలేదు. బావా అనలేదు. విని, పెట్టేసి, సంచి చంకలో పెట్టుకొని మెట్లు దిగాడు. కోడి కొట్టు కుడిపక్క. కూరగాయల బండి ఎడమపక్క. కిటికీలోంచి చూస్తున్నాను.
గేటు దగ్గర ఆగాడు. ఇంకా అక్కడే ఉన్నాడు.