ఎర్ర తలపాగా, పసుపు తలపాగా

మంగళవారం రాత్రి

ఈరోజు కూడా మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో టీవీ సీరియల్ యుద్ధం షూటింగ్‌కు కూలికి వెళ్లాను. లేని రాజ్యం, చచ్చిన రాజు, గద్దె కోసం కొట్టుకునే ఇద్దరు కొడుకులు. పక్కూరు సురంగల్ వాళ్లకు ఎర్ర తలపాగాలు కట్టి పెద్ద యువరాజు సైన్యంలో నిలబెట్టారు. మా ఊరు హిమాయత్‌నగర్ వాళ్లకు పసుపువి కట్టి చిన్నవాడి వైపు పంపారు.

బుద్ధిలేని జనం. మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే ఎర్రవాళ్లు ఒక దిక్కు, పసుపువాళ్లు ఒక దిక్కు కూర్చుని తిన్నారు. సాయంత్రం షేర్ ఆటోలో మా అక్క మొగుడు, సురంగల్ యాదగిరి బావ పక్కన చోటు కనిపిస్తే ఎక్కబోయాను. కాలు అడ్డం పెట్టాడు.

"కావాలనే కొట్టినవ్ రా నన్ను."

"అది అట్టకత్తి బావా."

"అట్టదైతేంది? పెద్దోడు ఉండంగ చిన్నోడికి గద్దె ఎట్లిస్తరు? జర సిగ్గుండాలె మీకు."

అప్పుడే యువరాజులిద్దరూ ఒకే కారులో, ఒకే ఫోన్ చూసి నవ్వుకుంటూ సిటీకి వెళ్లిపోయారు. దుమ్మంతా మా మొహాల మీద పడింది. ఆ దుమ్ములోనే బావ తన యువరాజు కూర్చున్న వైపుకు దండం పెట్టాడు. ఇట్లాంటివాడికి అక్కనెందుకు ఇచ్చామో.

రేపు చిన్న యువరాజును చంపేస్తారట. అది విన్నప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. న్యాయంగా ఆ గద్దె అతనిదే. రాజు మంచాన పడితే దగ్గరుండి చూసుకున్నది ఎవరు?

అక్క రెండోసారి ఫోన్ చేస్తోంది. ఎర్రవాళ్ల ఇంటి ఫోన్ నేనెందుకు ఎత్తాలి?