ల్యాబులో నడిమి గోడ

1993 జూన్ 14, సోమవారం

రాతి నమూనాలను పరీక్షించే కొత్త యంత్రం కోసం మా ఇంజనీరింగ్ కాలేజీ పాత ల్యాబులో నడిమి గోడ కొట్టడం ఈరోజు మొదలుపెట్టారు. కొట్టమని ప్లాను గీసింది నేనే. నాలుగు దెబ్బలకే మేస్త్రీ ఖాదర్ భాయ్ సుత్తి దించేశాడు.

"సార్, కప్పు బరువంత దీని మీదనే ఉన్నది. పక్క బొగ్గుబాయిల పేలుళ్లకు ఇదివరకే నెర్రెలిచ్చింది. తీస్తె మేమందరం కిందనే ఉంటం."

"ప్లాన్ల గట్ల లేదు గద భాయ్" అన్నాను.

అంతలోనే పైనుంచి పెద్ద పెచ్చు ఊడి మా ఇద్దరి మధ్య పడింది. అందరినీ బయటికి పంపి తాళం వేశాను.

సాయంత్రం ప్రిన్సిపాల్ పిలిచి, "రేపు పని ఆగొద్దు" అన్నారు. తలూపి వచ్చేశాను. నిజం చెబితే ఉద్యోగం ఉంటుందో పోతుందో.

పొద్దున్నే ప్రిన్సిపాల్ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాలి. నోరు పెగులుతుందో లేదో...