మబ్బులోయకి నాలుగు రోజుల సెలవు

మేనేజరు గారికి,

మా అమ్మాయికి సెలవు దొరికిందండీ! ముందు ఎవరికి చెప్పాలో తోచక మీకే రాస్తున్నాను. బేకరీలో పొయ్యి దగ్గర పని దానిది. పదకొండేళ్లుగా సెలవన్న మాట ఎరగదు. ఇప్పుడు వచ్చే నెల ఇరవై నుంచి నాలుగు రోజులు ఇచ్చారు. ఎక్కడికి తీసుకెళ్లమంటావే అంటే బేకరీ గోడ మీది క్యాలెండరు చూపించింది. ఆ నెల బొమ్మ మొత్తం తెలుపే. అచ్చులో పొరపాటనుకున్నాను. కింద చదివితే మీ లోయట, మబ్బు కప్పేసిందట. "అక్కడ చెమట పట్టదు నాన్నా" అంది. ఇంకేం కావాలి? నేనూ మా ఆవిడా అమ్మాయీ వస్తున్నాం. ఇక్కడి మీ హెడ్డాఫీసులో మీ గెస్ట్‌హౌస్ గది రాయించేశాను.

ఇట్లు,
ఆనందం పట్టలేని రిటైర్డ్ బస్సు కండక్టరు

తా.క. కిటికీ పక్క మంచం అమ్మాయికి. ముప్ఫై ఒక్కేళ్లు కిటికీ సీటు కోసం జనం కొట్టుకోవడం చూశాను. ఇంట్లో కూడా చూడలేను.

*

అయ్యా,

మీ సంతోషం చెడగొట్టాలని కాదు, పెద్దవారి దగ్గర దాచకూడదని రాస్తున్నాను. ఇక్కడ చూడటానికి ఏమీ లేదు. ఉన్నా కనిపించదు. ఏడేళ్లలో ఎదురుగా ఉన్న కొండని రెండుసార్లు చూశాను. రెండోసారి చూసింది ఆ కొండనేనా అంటే చెప్పలేను. ఉతికిన చొక్కా ఆరడానికి తొమ్మిది రోజులు. అగ్గిపుల్ల వెలగదు. ఉప్పు డబ్బా మూత తీసేసరికి నీళ్లుంటాయి. బస్సు దిగాక ఆరు కిలోమీటర్లు నడక, దారంతా జలగలు. కిటికీ అడిగారు. అది తెరిస్తే మబ్బు లోపలికొచ్చి మంచం మీద మనకన్నా ముందు పడుకుంటుంది. దయచేసి సముద్రానికి వెళ్లండి.

ఇట్లు,
చేతులు జోడించి, మేనేజరు

తా.క. ఇక్కడ మేనేజరూ, వంటవాడూ, ఊడ్చేవాడూ నేనే. ముగ్గురం బాగా అలిసిపోయి ఉన్నాం.

*

మేనేజరు గారికి,

మీ ఉత్తరం బేకరీలో పైకి చదివాను. అగ్గిపుల్ల వెలగదన్న చోట పనివాళ్లంతా చేతులు ఆపి, ఆ ముక్క మళ్లీ చదవమన్నారు. మా అమ్మాయైతే కళ్లు తుడుచుకుంది. ఇంత నిజం రాసే మనిషిని నా సర్వీసులో చూడలేదు. పిండి కలిపే ఇద్దరూ, వాళ్ల భార్యలూ వస్తామని పట్టుబట్టారు. ఏడుగురమయ్యాం. మీరు అలిసిపోయారన్నారు కాబట్టి వంట మేమే చేసుకుంటాం. మీ ముగ్గురికీ కూడా పెడతాం.

ఇట్లు,
మీ మేలు మరవని కండక్టరు

తా.క. జలగల గురించి బెంగ వద్దు. మా ఆవిడకి రక్తపోటు ఉంది. కాస్త తగ్గినా మంచిదే.

*

అయ్యా,

చెప్పకూడదనే అనుకున్నాను. మేడమీద గదిలో దెయ్యం ఉంది. తలుపు కొడుతుంది. పైగా మొన్నటి గాలికి కప్పు రేకులు లేచిపోయాయి. మీకు దణ్ణం పెడతాను, రావద్దు.

ఇట్లు,
దిక్కుతోచని మేనేజరు

*

మేనేజరు గారికి,

ఇలాంటి కష్టంలో మిమ్మల్ని ఒంటరిగా వదిలేస్తామా? మా బావమరిది రేకులు వేసే మేస్త్రీ. నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. మేడమీది గది మా అక్కయ్య అడిగింది. రిటైర్డ్ టీచరు. బావగారు పోయాక తను చెప్పేది కూర్చుని వినేవాళ్లు దొరకడం లేదు పాపం. మొత్తం పదముగ్గురం.

ఇట్లు,
మీవాడు, కండక్టరు

తా.క. తలుపు కొట్టి వస్తుందంటే మర్యాద తెలిసిన దెయ్యమే. మా ఇంట్లో ఎవరూ కొట్టరు.

*

పెద్దాయనా,

దెయ్యం లేదు. రేకులు గట్టిగానే ఉన్నాయి. నాకు అబద్ధం చేతకాలేదు.

ఏడాది పొడుగునా ఒక్క అతిథి కూడా రాకపోతే ఈ గెస్ట్‌హౌస్ మూసేసి, నన్ను మీ ఊళ్లోని హెడ్డాఫీసుకి మారుస్తారు. అదీ రూలు. ఏటా ఎవరో ఒకరు దారి తప్పి వస్తూనే ఉన్నారు. ఒకసారి ఇక రెండు రోజులే ఉందనగా, వానకి ఆగిన మనిషొకడు, కలం రాస్తోందో లేదో చూద్దామని రిజిస్టర్లో సంతకం పెట్టి పోయాడు. ఇంకో ఏడాది పోయింది. ఈసారి పదకొండు నెలలు ఎవరూ రాలేదు. ఈ నెలాఖరుతో ఏడాది నిండుతుంది.

మా అమ్మ మీ ఊళ్లోనే, పాత బస్టాండు వెనక, కుట్టుమిషను పెట్టుకుని ఒక్కతే ఉంటుంది. చూపు ఆనడం లేదు. సూదిలో దారం ఎక్కించమని వీధిలో పోయేవాళ్లని పిలుస్తుందట. ఆ దారం నేను ఎక్కించాలనుకున్నాను, అంతే. కానీ మీ అమ్మాయి పదకొండేళ్లు గుర్తొస్తే మిమ్మల్ని రావద్దని కూడా అనలేకపోతున్నాను. రండి. గదులు ఊడ్చి ఉంచుతాను.

ఇట్లు,
ఆశ వదులుకున్న మేనేజరు

తా.క. ఏమీ లేదు.

*

చిరంజీవి మేనల్లుడికి మేనమామ దీవెనలు.

కంగారు పడకు, ఈ ఉత్తరం నీకే. నువ్వు రాసింది విని అమ్మాయి సెలవు తిరిగిచ్చేస్తానంది. ఆ పూట బేకరీలో రొట్టెలన్నీ మాడాయి. గది రద్దు చేయించడానికి హెడ్డాఫీసుకి వెళ్లాను. పేరు ఒకసారి రాశాక, వచ్చినా రాకపోయినా అతిథి అతిథేనన్నాడు గుమాస్తా. నీ సంగతీ మీ అమ్మ సంగతీ చెప్పి అక్కడే బల్ల మీద కూర్చున్నాను. అతను రిజిస్టరు ముందుకీ వెనక్కీ తిప్పి, "ఆయన బంధువులైతే వేరే సంగతి. సిబ్బంది బంధువుల్ని మేం అతిథుల్లో లెక్కపెట్టం" అన్నాడు.

అప్పటికి మనం బంధువులమో కాదో నాకూ తెలియదు. తిన్నగా మీ అమ్మ దగ్గరికి వెళ్లి, మీరు ఎవరి తాలూకు అని అడిగాను. గంటన్నర పట్టింది. మీ తాతయ్య తోడల్లుడి అన్నకూతురిని మా పెద్దనాన్న కొడుకు బావమరిదికి ఇచ్చారు. ఆ దారిలో మీ అమ్మ నాకు చెల్లెలు. మధ్యలో రెండుచోట్ల వంతెన కాస్త ఊగింది గాని బండి దాటింది. పిండి కలిపేవాళ్లకీ, మేస్త్రీ మనుషులకీ మాత్రం ఎటునుంచి వచ్చినా వరస కుదరలేదు. వాళ్లని అక్కయ్య పెంచుకున్నట్టు రాయించాం. గుమాస్తా అతిథుల లెక్కలోంచి పదమూడు పేర్లూ కొట్టేశాడు.

మేం ఇరవయ్యో తారీకున వస్తున్నాం. ఒకటో తారీకున నువ్వు ఇక్కడ ఉద్యోగంలో చేరుతున్నావు. ఈ వరసలో మా అమ్మాయి నీకేమవుతుందో నేను రాయను. ఆ మాట ఎత్తితే నన్ను పొయ్యిలో పెడతానంది.

ఇట్లు,
నీ మేనమామ

తా.క. ఈ చుట్టరికం సంగతీ, నువ్వు వచ్చేస్తున్న సంగతీ వెంటనే తెలియాల్సినవాళ్లు: మీ పెద్దమ్మ, అందరికన్నా ముందు. మీ నడిపి పిన్ని, ఆమెకీ అందరికన్నా ముందు. తాతయ్య తోడల్లుడి మనవలు ముగ్గురు. మీ అమ్మతో మాటల్లేని మీ చిన్నాన్న, ఆయనకి చెప్పమని ఇంకొకరికి చెప్పాలి. మా పెద్దనాన్న కొడుకు బావమరిది, చెవుడు కాబట్టి రెండుసార్లు. హెడ్డాఫీసు గుమాస్తా, లాగితే అతనూ మనవాడే అవుతున్నాడు గాని నెలాఖరు దాటేదాకా చెప్పొద్దు. మీ అమ్మకి వేరే చెప్పక్కర్లేదు. పక్కన కూర్చుని ఈ జాబితా రాయిస్తున్నది ఆవిడే, ఇంకో కాగితం తీయమంటోంది.