నోటీసు బోర్డు మీద సుజాత పేరు

జూన్ 4
ఇంటి కాగితం నకలు కోసం నల్లగొండ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాను. బోర్డు మీద పెళ్లి నోటీసు... సుజాతది. పక్కన కరీం. నకిరేకల్‌లో బోరు మోటర్లు బాగుచేసే కరీం. అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు.
మూడుసార్లు చదివాను. గుమాస్తా తల ఎత్తకుండానే, "ఏం సారూ, అభ్యంతరం రాసిస్తరా ఏంది?"

జూన్ 5
సుజాతతో తొమ్మిదేళ్లు. ఒకే కిరాయి ఇల్లు, ఒకే పొయ్యి. ఆమె అడిగింది ఒక్కటే — తంతు లేకుండా రిజిస్టరు పెళ్లి. కులాలు వేరు, నోటీసు చూసి ఆమె అన్నలు మీదికొస్తారన్నాను. ఇద్దరు కలిసి బతకడానికి గోడ మీద ఊరి అనుమతి అడగాలా అన్నాను. దాని మీదే కరపత్రం వేశాను. ప్రూఫులు ఆమే దిద్దింది.
"రాసింది నిజమే నర్సింహా. గని నువ్వు సంతకం ఎప్పుడు పెడ్తవ్?"
చట్టం మారాక, అన్నాను.
చట్టం మారలేదు. సర్కారు బడి టీచరు కదా, సుజాత నారాయణపేటకు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది.

జూన్ 9
ఇప్పటికీ అంటాను, ఆ నోటీసు దుర్మార్గం. ఎవడితోనైనా వాదిస్తాను.
కరీం ఒక్క వ్యాసం రాయలేదు. పేరు, ఫొటో, చిరునామా ఇచ్చి గోడకెక్కాడు.

జూన్ 10
పత్రికకు వ్యాసం పంపాలి. ఒక్క వాక్యం రాలేదు.

జూన్ 17
నోటీసు చూసి ఎవరో కరీం దుకాణం ముందు గొడవ చేశారట. నేను చెప్పిందే జరిగింది కదా అని ఒక్క క్షణం సంతోషం.
ఛీ.

జూన్ 18
సుజాత ఫోను. నాలుగేళ్ల తర్వాత.
"ముగ్గురు సాక్షులు గావాలె. గొడవ ఇని ఒకాయన ఎనుకకు జరిగిండు. నువ్వొస్తవా?"
"నేనే దొరికిన్నా?"
"భయపడనోడు గావాలె. కరపత్రంల నీ అంత ధైర్యవంతుడు లేడు గద."
నవ్వింది. నేను ఏదో మొదలుపెట్టబోతే ఆపింది. "జర ఆలోచించి చెప్పు. గీసారి వ్యాసం రాయకు."

జూన్ 20
ఫోను చేసి వస్తానన్నాను. నేను రాసిందంతా నిజమే. ఆమెకు నిజం సరిపోలేదు... కాదు. నేను భయపడ్డాను. ఆమె అన్నలకు. గోడకు. ఆ భయానికి చట్టం పేరు పెట్టాను.

జూలై 6
గడువు దాటింది. అభ్యంతరాలు లేవు. పదకొండుకు రమ్మంది. చొక్కా ఇస్త్రీ చేశాను. ఆధార్ కార్డు జేబులో ఉంది. ఆఫీసు నడిచి పది నిమిషాలు.
పదిన్నర. చెప్పులేసుకున్నాను.
పదీ నలభై. చెప్పులతోనే కూర్చుని ఇది రాస్తున్నాను.