మొదటామె పేరు

బిడ్డా సునీతా, దొరికింది! మా అమ్మ పేరు దొరికింది! బాలమణి! మీ నానమ్మ పేరు బాలమణి!

నన్ను కన్న వారానికే పోయిన తల్లిని, నాయిన మళ్లీ పెళ్లి చేసుకున్నాక, ఇంట్లో అందరూ "మొదటామె" అనేవారు. నేనూ అదే అన్నాను. "గదేంది నాయినా, కన్నతల్లి పేరు తెల్వదా? సిగ్గులేదా నీకు?" అని నవ్వుతూనే తిట్టి, ఉప్పల్ నుంచి కీసర దాకా నువ్వు ఎన్నిసార్లు బస్సెక్కావో! అక్కడి ఆఫీసులో పాత జనన రిజిస్టర్లు అడిగితే "చెదలు తిన్నయ్ మేడం" అన్నారని అలిగి వచ్చేదానివి.

తినలేదమ్మా. అన్నీ ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టారు. పొద్దున నీ కూతురు అమ్ములు నాచారం వచ్చి, నా పక్కనే కూర్చుని వెతికింది. "తాతా, జర ఇటు సూడు, గిది నువ్వేనా?" అంది. తండ్రి నాగయ్య, తల్లి బాలమణి, మగబిడ్డ అని ఉంది. అందులో నాకింకా పేరు లేదు, అమ్మకు ఉంది!

సంతోషం పట్టలేక ఫోన్ తీసి నీ నంబరే నొక్కాను. ఎవరో అబ్బాయి ఎత్తి, "రాంగ్ నంబర్ అంకుల్" అన్నాడు. నువ్వు పోయి ఏడాదైందని అప్పుడు గుర్తొచ్చింది.

అందరికీ చెప్పాలి. ఘట్‌కేసర్‌లో మీ మేనత్తకు, కాప్రాలో మీ చిన్నాయనకు, వంటింట్లో ఉన్న మీ అమ్మకు ఇంకోసారి. మొదటామెకు మాత్రం నువ్వే చెప్పాలి, దగ్గరున్నది నువ్వే. పేరు పెట్టి పిలువు, ఏమీ అనుకోదు. "నీ కొడుక్కి నీ పేరు తెలిసింది" అని చెప్పు.